పీట మీద కూర్చోవడానికి ఆరు నెలలు: మా ఊరి ఫిజియో జిమ్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఐదుకి నాలుగు స్టార్లు. పోయిన ఆ ఒక్క స్టారూ మెట్లకీ, కరెంటు ప్యాకేజీకీ. మిగతా నాలుగూ వాళ్ళిచ్చిన ఒక నోటు పుస్తకానికి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, అంత ఓపిక లేనివాళ్ళు డబ్బుల సంగతి రాసిన చోటికి దిగిపోండి. పేరు మాత్రం ఇక్కడ రాయట్లేదు. తిట్లు కూడా కొన్ని ఉన్నాయి, పైగా నడిపేది అప్పు చేసి పెట్టుకున్న చిన్న వయసు భార్యాభర్తలు. కాకినాడ వాళ్ళెవరికైనా కావాలంటే విడిగా అడగండి, చెప్తాను.

నాకు 53. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. కిందటేడు జులైలో వానలో స్కూటీ జారి కుడి మోకాలు సరాసరి డివైడర్‌కి కొట్టుకుంది, చిప్ప రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి రెండు పిన్నులు దింపి, వాటి చుట్టూ ఎనిమిది అంకెలాగా తీగ తిప్పి బిగించారు. ఎక్స్‌రే చూస్తే మా కుర్రాళ్ళు చేసే వైరింగ్ కంటే నీటుగా ఉంది. ఆరు వారాలు బ్రేసు, తర్వాత పది రోజులు ఆస్పత్రిలోనే ఫిజియో, ఆ తర్వాత ఇంట్లో చేసుకోండి అని కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చారు. నేను చేసుకోలేదు. దీపావళి లైట్ల సీజను, తర్వాత పెళ్ళిళ్ళ సీజను, కాలు చాపుకుని కౌంటర్ దగ్గర కూర్చుని బిల్లులు రాసుకుంటూ గడిపేశాను. ఎముక చక్కగా అతుక్కుంది, మోకాలు వంగడం మానేసింది. ఇందులో డాక్టర్ల తప్పు ఏమీ లేదు, ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

మా ఇంట్లో ప్రతి కార్తీకమాసం అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకోవడం పెళ్ళైన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. కిందటేడు వెళితే మా ఆవిడ కింద కూర్చుంది, నేను వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో. అక్షింతలు వేయాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ వెనక్కి తిరిగి నా చేతిలో పెట్టడం, నేను కుర్చీలోంచి వంగి విసరడం, సగం పక్క జంట నెత్తిన పడటం. వాళ్ళు కొత్త పెళ్ళివాళ్ళు, నవ్వుకున్నారు. ఐదు కథలూ అలాగే అయ్యాయి. ఇంటికొచ్చాక మా ఆవిడ ఏమీ అనలేదు, వచ్చే ఏడాది నుంచి ఇంట్లోనే చేసుకుందాంలెండి అంది, అంతే. ఆ మాట పట్టుకుంది నన్ను.

సరే, ఫిబ్రవరిలో ఒక పెద్ద జిమ్‌లో చేరాను. ఏడాదికి 14,000, ఒకేసారి కడితే తగ్గింపు అన్నారు, కట్టేశాను. అక్కడ ఒక మెషిన్ ఎక్కించి చీటీ తీశారు: బరువు 86, కొవ్వు ఇంత, నీరు ఇంత, శరీరం వయసు 61. ట్రైనర్ కుర్రాడు ఆ చీటీ చూసి 'సార్, టార్గెట్ 3 నెలల్లో 15 కిలోలు' అని గోడమీద నా పేరు పక్కన రాసేశాడు. మోకాలు ఆపరేషన్ అని చెప్పాను. 'లైట్‌గా చేద్దాం సార్' అన్నాడు. ఎక్స్‌రే అడగలేదు, ఎంత వంగుతుందో చూడలేదు, ఏ మందులు వాడుతున్నారని అడగలేదు. కుర్చీలో కూర్చుని కాళ్ళతో బరువు పైకెత్తే మెషిన్ ఉంటుంది చూడండి, మూడో రోజు దాని మీద కూర్చోబెట్టాడు. నొప్పి వస్తోంది బాబూ అంటే నొప్పి వస్తేనే కండ పడుతుంది సార్ అన్నాడు. మర్నాటికి మోకాలు కొబ్బరిబొండంలా వాచింది. కుర్రాడు చెడ్డవాడేం కాదు, నిజానికి చాలా మర్యాదస్తుడు. పాతికేళ్ళ కుర్రాళ్ళకి చెప్పే పాఠమే వాడికి నేర్పారు, అదే నాకూ చెప్పాడు. డబ్బు వెనక్కి ఇవ్వరు కాబట్టి ఆ సభ్యత్వం మా బావమరిది కొడుకు పేరు మీదికి మార్పించాను. వాడికి బాగా ఉపయోగపడింది, ఇప్పుడు బిగుతు చొక్కాలు వేసుకు తిరుగుతున్నాడు.

ఇంకో ముచ్చట. ఆ జిమ్‌లో గుండె వేగం లెక్క ఒకటుంది, 220లోంచి వయసు తీసేయాలి, నాకు 167 వచ్చింది, దాంట్లో 70 శాతానికి తేవాలి. ట్రెడ్‌మిల్ మీద ఆయాసంతో ఛస్తున్నా నా వేగం 105 దాటట్లేదు. వాడేమో ఇంకా పెంచండి సార్, మీ గుండెకి ఇంకా వ్యాయామమే తగల్లేదు అంటాడు. నేను బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటాను. ఆ జాతి మాత్రలు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి, వాటిమీద ఉన్నవాడికి ఆ 220 లెక్క పనికిరాదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. మన వయసువాళ్ళలో ఎంతమంది ఈ మాత్రలు మింగి, చేతికి వాచీ కట్టుకుని, 'నా గుండె పర్లేదు' అనుకుంటూనో 'నేను పనికిరాను' అనుకుంటూనో తిరుగుతున్నారో.

మేలో ఈ ఫిజియో జిమ్‌కి వెళ్ళాను. ఒక హాలు, సగం ఫిజియో మంచాలు, సగం జిమ్ సామాను. చూడ్డానికి ఏమీ ఉండదు. రెండు సైకిళ్ళు, ఒక ట్రెడ్‌మిల్, గోడకి కొక్కేలు, వాటికి రంగురంగుల రబ్బరు పట్టీలు, రకరకాల ఎత్తుల్లో చెక్క మెట్లు. నన్ను చూసిన ఫిజియో అమ్మాయికి ముప్పై ఉంటాయేమో. మొదటిరోజు గంటసేపు కూర్చోబెట్టింది, ఒక్క వ్యాయామం చేయించలేదు. ఐదొందలు తీసుకుని కబుర్లు చెప్తుందేంటి అనుకున్నాను.

డిశ్చార్జి కాగితాలు, ఎక్స్‌రే, మాత్రల చీటీ అన్నీ చూశాక అడిగింది, 'మీకేం కావాలి బాబాయ్ గారూ?' అని.

'బరువు తగ్గాలమ్మా. ఫిట్‌గా అవ్వాలి.'

'అది అందరూ చెప్తారు. ఈ మోకాలి వల్ల మీకు ఏ పని ఆగిపోయింది, అది చెప్పండి.'

నేను కాసేపు నీళ్ళు నమిలి అన్నవరం సంగతి చెప్పాను. కింద కూర్చోవాలి, ఒక గంటన్నర. తర్వాత షాపులో అటక మీద ఫ్యాన్ల డబ్బాలుంటాయి, నిచ్చెన ఎక్కి దింపాలి, ఇప్పుడు ప్రతిదానికీ కుర్రాణ్ణి పిలవాల్సి వస్తోంది, వాడు టీకి వెళితే బేరం పోతోంది. ఊపు వచ్చి మూడోది కూడా చెప్పేశాను, తిరుమల కొండ నడిచి ఎక్కాలి, శ్రీవారి మెట్టు దారిలో అయినా సరే అని.

నోటు పుస్తకంలో మూడూ రాసింది. మూడోదాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, 'మీ ఇంటికి మెట్లెన్ని?' అంది. పద్దెనిమిది. 'ఆగకుండా ఎన్నిసార్లు ఎక్కి దిగగలరు?' రెండుసార్లు. 'శ్రీవారి మెట్టు 2,388 మెట్లు. మీరు వ్యాపారస్తులు, లెక్క మీరే కట్టండి' అని పెన్ను నా చేతికిచ్చింది. మా ఇంటి మెట్లు 133 సార్లు. పెన్ను తిరిగిచ్చేశాను. అలిపిరి దారి 3,550 అని నాకు తెలుసు కాబట్టి ఇక ఆ పేరు ఎత్తలేదు, అందులో చివర్న మోకాళ్ళ పర్వతం అని ఒకటుంది, పేరు వింటేనే చిప్ప సలుపుతుంది. 'తీసేయట్లేదు బాబాయ్ గారూ, వచ్చే ఏడాది పేజీలో రాస్తున్నా' అని నిజంగానే చివరి పేజీ తిప్పి అక్కడ రాసింది. నాకు ఈ అమ్మాయి మీద నమ్మకం కుదిరింది అప్పుడే. కుదరదు అనడం వేరు, ఇప్పుడు కాదు అని లెక్క చూపించడం వేరు.

తర్వాత కొలతలు. కోణం కొలిచే స్కేలు ఒకటి మోకాలి పక్కన పెట్టి చూసింది: ఎడమది 138 డిగ్రీలు వంగుతోంది, కుడిది 95. టేపుతో తొడ చుట్టుకొలత తీస్తే కుడి తొడ 3 సెంటీమీటర్లు సన్నబడింది. తర్వాత కుర్చీ పరీక్ష, చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటామో లెక్కపెట్టడం. నాకు ఏడు వచ్చాయి. 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళకే 14 కంటే తక్కువ వస్తే తక్కువ కింద జమట. ఈ పరీక్ష మీరూ ఇప్పుడే లేచి చేసుకోవచ్చు, కుర్చీని గోడకి ఆనించి మాత్రం చేయండి.

మోకాలు ఎంత వంగితే ఏ పని అవుతుందో కూడా అప్పుడే చెప్పింది. మెట్లు ఎక్కిదిగడానికి 90, సైకిల్ తొక్కితే పెడల్ పూర్తిగా చుట్టు తిరగడానికి 110 దాకా, బాసింపట్టు వేసుకు కూర్చోవడానికి అంతకంటే చాలా ఎక్కువ. అంటే నా 95తో నేను మెట్ల మనిషినే గానీ నేల మనిషిని కాను. ఎక్కడ ఉన్నానో అంకె తెలిసేసరికి టెన్షన్ సగం తగ్గింది, విచిత్రంగా.

ఇప్పుడు నోటు పుస్తకం సంగతి. నేను నాలుగు స్టార్లు ఇచ్చింది దీనికే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ప్రతి సోమవారం ఒక పేజీ. అందులో ఈ వారం మోకాలు 100కి రావాలి లాంటి మాట ఎప్పుడూ ఉండదు. నేను ఒకసారి అలా రాయబోతే కొట్టేసింది. 'మోకాలు మీ మాట వినదు బాబాయ్ గారూ, మీరు మాత్రం మీ మాట వింటారు, అందుకని మీరు చేసే పనే రాయండి' అంది. కాబట్టి పేజీలో ఉండేవి ఇలాంటివి: నున్నటి గచ్చు మీద కాలు చాపుకుని, మడమ కింద గుడ్డ పెట్టి వెనక్కి లాక్కోవడం, రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి 15. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి తొడ బిగించి నొక్కడం, ఐదు లెక్కపెట్టి వదలడం. కాలు నిటారుగా ఎత్తడం. కుర్చీలోంచి లేవడం. చేశామా లేదా, టిక్కు. అంతే. డిగ్రీలు నెలకి ఒక్కసారి తను కొలుస్తుంది, మధ్యలో అడిగినా చెప్పదు. నేను రెండుసార్లు బతిమాలాను.

పేజీ కింద ఒక గడి ఉంటుంది, 'బాగోలేని రోజు' అని. షాపులో జీఎస్టీ గొడవ ఉన్నా, ఒళ్ళు వెచ్చబడినా, ఎవరింటికో పెళ్ళికి వెళ్ళినా ఆ రోజుకి ఎంత చేస్తే చాలో ముందే అక్కడ రాసి ఉంటుంది. నాది తొడ బిగించడం 10, మడమ లాగడం 10. నాలుగు నిమిషాల పని. ఆ గడి లేకపోతే ఈ రివ్యూ ఉండేది కాదు, ఎందుకంటే నా సంగతి నాకు తెలుసు, ఒక రోజు మానేస్తే రెండో రోజు సిగ్గేసి మానేస్తాను, మూడో రోజుకి కాగితం బీరువాలోకి వెళ్ళిపోతుంది.

వారానికి 150 నిమిషాల వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని అందరూ వాట్సాప్‌లో పంపుతుంటారు. నేనూ అదే అడిగాను, నాలుగు నిమిషాలు ఒక లెక్కా అమ్మా అని. దానికి తను చెప్పింది బాగుంది. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత షరతుని వాళ్ళే 2020లో తీసేశారట. జబ్బులూ, వైకల్యాలూ ఉన్నవాళ్ళకి కూడా అదే కాగితంలో రాశారట, అంత చేయలేకపోతే చేయగలిగినంత చేయండి, అసలు చేయకపోవడం కంటే కొంచెమైనా నయం అని. వాట్సాప్‌లో ఈ సగం ఎవరూ పంపరు.

అంకెల మాట వచ్చింది కాబట్టి, హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఒక వాచీ పంపింది, రోజుకి 10,000 అడుగులు వేయాలని అది నా చెయ్యి మీద బుర్రుబుర్రు మంటుంది. ఈ 10,000 ఏ డాక్టరూ పెట్టింది కాదట, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మెషిన్ ఒకటి అమ్మడానికి పెట్టిన పేరట, పేరులోనే పదివేల అడుగులు అని ఉంటుందట. ఒక వ్యాపారస్తుడిగా వాళ్ళకి నమస్కారం పెట్టాను. నా మోకాలికి మొదటి నెల 2,500 అడుగులే రాశారు, నెలకి 500 చొప్పున పెంచుకుంటూ పోయారు, ఇప్పుడు 5,000. వాచీలో ఆ 10,000ని మార్చుకునే వీలుందని మా అమ్మాయికే ఫోన్ చేసి తెలుసుకున్నాను. మార్చాక అది కూడా మర్యాదగా ఉంటోంది.

గుండె వేగానికి బదులు వాళ్ళు వాడేది నోటి లెక్క. ఎంత కష్టంగా ఉంది, సున్నా నుంచి పది వరకు చెప్పండి. నాలుగైదు దగ్గర ఉండాలి. మాట్లాడగలగాలి గానీ పాట పాడేంత ఊపిరి మిగలకూడదు. పక్క సైకిల్ మీద రిటైర్డ్ హెడ్‌మాస్టారు ఒకాయన తొక్కుతూ పద్యం అందుకుంటే, అమ్మాయి దూరం నుంచే 'మాస్టారూ, పద్యం వచ్చిందంటే వేగం చాలట్లేదన్నమాట' అనేది. నొప్పికీ ఇదే లెక్క. మూడు నాలుగు దాకా పర్లేదు, కానీ మర్నాడు పొద్దున లేచేసరికి వ్యాయామం చేయకముందు ఎలా ఉందో అలా అయిపోవాలి. కాకపోతే ఆ రోజు సగమే చేయాలి. పెద్ద జిమ్‌లో నొప్పి వస్తేనే మంచిదన్నారు, మా ఇంట్లో పెద్దవాళ్ళేమో నొప్పి వస్తే కదలకు అంటారు. ఈ రెండింటికీ మధ్య ఒక గీత ఉందని నాకు 53 ఏళ్ళకి తెలిసింది.

ఏడో వారం బోల్తా పడ్డాను. ఆరు వారాలు టిక్కులే టిక్కులు, 95 కాస్తా 104 అయింది, కాలర్ ఎగరేశాను. ఆ వారం ఫ్యాన్ల లోడు దిగింది, కుర్రాళ్ళలో ఒకడు రాలేదు, నేనే నిచ్చెన ఎక్కి ఒక 20 డబ్బాలు పైకి అందించాను. సాయంత్రం జిమ్‌కి కూడా వెళ్ళి ఆ సంగతి చెప్పకుండా మెట్టు వ్యాయామం మొత్తం చేశాను. రెండు రోజులు వాపు, ఐసు కాపడం, మా ఆవిడ మౌనం. భయపడుతూ వెళ్ళి చెప్తే ఫిజియో అమ్మాయి తిట్టలేదు. నోటు పుస్తకం తీసి ఆ రోజు గడిలో '20 ఫ్యాన్లు' అని రాసింది. 'ఇది కూడా వ్యాయామమే కదా, లెక్కలో ఎందుకు రాయలేదు? లోడు దిగిన రోజు ఇక్కడికి వచ్చి చేతులకి చేసుకోండి, కాళ్ళకి సెలవు' అంది. ఆ తర్వాత నుంచి లోడు వచ్చే రోజులు ముందే రాసిపెట్టుకుంటున్నాం. షాపు పనిని శత్రువులా కాకుండా ఖాతాలో ఒక పద్దులా చూడటం నాకు నచ్చింది, అది నాకు అర్థమయ్యే భాష.

ఇంకోరోజు బీపీ చూస్తే 178/112 ఉంది. పొద్దున మాత్ర మర్చిపోయాను. ఒక్క వ్యాయామం కూడా చేయనివ్వకుండా వెనక్కి పంపేసి, మా డాక్టరుకి చూపించి రమ్మంది. ఆ రోజు ఫీజు కోయలేదు.

అన్నిటికంటే చెప్పుకోవాల్సిన రోజు ఆగస్టులో. సైకిల్ మీద మొదటినుంచీ నాది సగం సగం తొక్కుడే. సీటు బాగా పైకి ఎత్తి కూర్చోబెట్టేవారు, పెడల్ పైకి వచ్చేసరికి మోకాలి వంపు చాలక ఆగిపోయేది, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి, గడియారం లోలకంలాగా. రోజూ పది నిమిషాలు అదే. చూసేవాళ్ళకి సైకిల్ రానివాడిలా ఉంటాను. ఆ రోజు కూడా అలాగే ముందుకీ వెనక్కీ ఊపుతుంటే, వెనక్కి తొక్కేటప్పుడు పెడల్ పైన ఆ అడ్డు దగ్గర చిన్నగా బిగుసుకుని, నడుం కొంచెం పక్కకి ఒరిగి, జర్రున అవతలికి దిగిపోయింది. ఒక పూర్తి చుట్టు. నేను ఆపేశాను భయంతో. ఏదో తెగిందనుకున్నాను. ఏమీ తెగలేదు. మళ్ళీ వెనక్కే తొక్కాను, మళ్ళీ తిరిగింది. మాస్టారు పద్యం ఆపి చూస్తున్నారు. అప్పుడు ముందుకి తొక్కాను, ఇంకో నాలుగైదుసార్లు ఆగి ఆరోసారికి తిరిగింది. ఆ రోజు కొలిస్తే 109. నోటు పుస్తకంలో తను ఏమీ రాయలేదు, పెడల్ బొమ్మ గీసి చుట్టూ బాణం గుర్తు పెట్టింది. ఇంటికెళ్ళేటప్పుడు కాజాలు పట్టికెళ్ళాను, బరువు సంగతి ఆ రోజుకి వదిలేయండి.

బరువు మాట ఎత్తాను కాబట్టి అదీ చెప్తాను. ఈ ఆరు నెలల్లో తగ్గింది 4 కిలోలు. గోడ మీద 15 రాసిన చోట ఇది ఫెయిలే. ఇక్కడ అసలు బరువుకి టార్గెట్టే పెట్టలేదు. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ఒక్కో అడుగుకి మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల దాకా తగ్గుతుందని మాత్రం చెప్పారు, దాంతో నేనే రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలకి దిగాను, ఎవరూ చెప్పకుండానే.

కింద కూర్చోవడానికి చేసిన సాధన మొత్తం ఇంట్లోనే. మామూలు కుర్చీ 18 అంగుళాలు. దాంట్లోంచి చేతులు పట్టుకోకుండా పదిసార్లు లేవగలిగాక 14 అంగుళాల స్టూలు. తర్వాత 10. తర్వాత పెరట్లో మా అమ్మ కూర్చునే 6 అంగుళాల చెక్కపీట. ప్రతి ఎత్తుకీ మూడు వారాలు పట్టింది, 10 నుంచి 6కి దిగడానికి ఐదు. చిప్ప మీద నేరుగా ఆనుకుంటే ఆ తీగ పోట్లు పొడుస్తుంది కాబట్టి దిగేటప్పుడు ఎడమ మోకాలు ముందు నేలకి ఆనించి, పక్కన కుర్చీ పట్టుకుని, అప్పుడు పక్కకి ఒరిగి కూర్చోవాలి. లేచేటప్పుడు ఇదే వరస తిరగేసి. మెట్లకి కూడా ఒక వరస ఉంది, ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. మొదటి నెల ఇది గోడకి అంటించుకున్నాను, ఎప్పుడూ తిరగేసేవాణ్ణి.

ఇప్పుడు తిట్లు. మోకాళ్ళ కోసం, నడుముల కోసం జనం వచ్చే చోటు మొదటి అంతస్తులో పెట్టి, లిఫ్టు లేకుండా 22 మెట్లు ఎక్కించడం ఏమిటండీ? అడిగితే అద్దె తక్కువ అన్నారు, నిజమే, నేనూ అద్దె కట్టేవాణ్ణే, అర్థమవుతుంది. కానీ ఒకరోజు మోకీలు మార్పించుకున్న పెద్దావిడని ఇద్దరు కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకు రావడం చూశాను, ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. అది నాకు నచ్చలేదు. కింద చిన్న గది ఒకటి తీసుకుని అలాంటివాళ్ళని అక్కడే చూడొచ్చు.

రెండోది కరెంటు. మోకాలికి ప్యాడ్లు అతికించి చిరచిరమనే కరెంటు పెడతారు చూడండి, మనవాళ్ళకి అది పెడితేనే ఫిజియో చేయించుకున్నట్టు. రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు వచ్చిన ప్రతివాళ్ళకీ పది సిట్టింగుల ప్యాకేజీ 2,000 అని అంటగడుతున్నాడు. కరెంటు సామాన్లు అమ్మేవాడికే కరెంటు అమ్మబోయాడు. నేను నేరుగా అమ్మాయినే అడిగాను, దీనివల్ల మోకాలు వంగుతుందా అని. 'కాసేపు హాయిగా ఉంటుంది, వంగడం మాత్రం మీరు వంచితేనే' అంది. మరి అదే మాట రిసెప్షన్ బల్ల మీద రాసి పెట్టొచ్చుగా.

చిన్నవి: మేలో ఏసీ పొద్దున ఏడింటికి గానీ వేయరు, కాకినాడ ఉక్కలో ఆరింటి బ్యాచ్ వాళ్ళం తడిసి ముద్దైపోయాం. రబ్బరు పట్టీలు పాతబడితే మార్చరు. పసుపు తేలిక, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, అలా బిగువు పెరుగుతుంది, నేను ఎరుపులో ఉండగా ఒకటి పుటుక్కున తెగి మణికట్టు మీద చరిచింది. అప్పట్నుంచి సాగదీసి పగుళ్ళు చూసుకుని గానీ తీసుకోను. స్కూటీ పెట్టుకోడానికి చోటు లేదు.

డబ్బులు. మొదటి రోజు చూసినందుకు 500. వారానికి మూడు రోజులు, నెలకి 4,500, ఆరు నెలలకి 27,000 అయింది. పెద్ద జిమ్ ఏడాదికి 14,000తో పోలిస్తే ఖరీదే. కానీ ఒక్కో ఫిజియో చేతిలో ఒకేసారి నలుగురి కంటే ఎక్కువ ఉండరు, నాలుగు నెలలయ్యాక రెండు రోజులకి తగ్గించుకోవచ్చు, ఆ మాట వాళ్ళే చెప్పారు. మానేసిన రోజుల్ని ఏడు రోజుల్లోపు సర్దుకోవచ్చు. అసలు ఇబ్బందేమీ లేని పాతికేళ్ళ కుర్రాళ్ళకి ఇది దండగ, మామూలు జిమ్‌కి వెళ్ళండి. ఆపరేషన్ అయి మూడు నెలలు కూడా కానివాళ్ళు మీ సర్జన్‌ని అడగకుండా ఎక్కడికీ వెళ్ళకండి. మధ్యలో ఉన్నవాళ్ళం, అంటే డాక్టరు ఇక రానక్కర్లేదు అన్నాడు, ఒళ్ళు మాత్రం ఇంకా మామూలుకి రాలేదు అనుకునేవాళ్ళం, మాకు ఇలాంటి చోటు కావాలి.

మొన్న కార్తీకంలో అన్నవరం వెళ్ళాం. మోకాలు 121. బాసింపట్టు ఇంకా పడదు. మా అమ్మ పీట సంచీలో పెట్టుకు తీసుకెళ్ళాను. మా ఆవిడ పక్కన, పీట మీద, కుడికాలు కొంచెం ముందుకి చాపి కూర్చున్నాను. అక్షింతలు నా పళ్ళెంలోంచి నేనే తీసుకుని వేశాను, పడాల్సిన చోటే పడ్డాయి. మూడో కథ దాకా పర్లేదు. నాలుగో కథలో మోకాలు బిగుసుకుని చెమటలు పట్టాయి, కాలు పూర్తిగా చాపేశాను, ముందున్నాయన వీపుకి తగిలితే వెనక్కి చూసి జరిగాడు పాపం. ఐదో కథ అయ్యాక లేవడానికి ఎడమ మోకాలు ఆనించి, ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మా ఆవిడ భుజం మీద వేసి రెండో ప్రయత్నంలో లేచాను. ఆవిడ ఏమీ అనలేదు. ప్రసాదం అడ్డాకు పొట్లాలు ఎప్పుడూ రెండే తీసుకునేది, ఈసారి ఐదు కొంది. ఒకటి ఫిజియో అమ్మాయికట.

ఆ పొట్లం ఇచ్చినప్పుడు తను నోటు పుస్తకం తీసి మొదటి పేజీలో ఒకటో గీత పక్కన సగం టిక్కు పెట్టింది. పూర్తి టిక్కు ఎందుకు కాదమ్మా అంటే, 'మీరు చెప్పింది కింద అని, కూర్చుంది పీట మీద' అంది. వాదించాను, గెలవలేదు. రెండో గీతకి, అదే నిచ్చెన, పూర్తి టిక్కు. కుర్చీ పరీక్ష 13. ఇంకో మూడు నెలలకి, వారానికి రెండు రోజులు, కట్టేశాను. మీలో ఎవరైనా చేరితే మంగళవారం, శుక్రవారం ఆరింటి బ్యాచ్‌లో ఖాళీ ఉందేమో అడక్కండి, నలుగురే పడతారు, అందులో ఒకటి నాది, ఒకటి మాస్టారిది.